సంవత్సరీకానికి ముందు పరీక్ష

నా డిగ్రీకి ఒక్క పేపరు మిగిలి ఉండగా మా ఆయన పోయారు. ఆగస్టులో, పని జరిగే చోట, నిలబడి మాట్లాడుతూ మాట్లాడుతూ పడిపోయారు. అంతకు మించి చెప్పడానికి ఏమీ లేదు. చెప్పబోయిన వాళ్ళందరూ అక్కరలేని మాటలే చెప్పారు.

పెళ్ళికి ముందు డిగ్రీ రెండో ఏడు మధ్యలో ఆపేసినదాన్ని. బహ్రెయిన్ వచ్చిన చాలా ఏళ్ళకి ఆయన పోరు పడలేక, దూరవిద్య చెప్పే ఒక అమెరికా కాలేజీలో చేరాను. "ఎలాగూ పొద్దస్తమానం చదువుతూనే ఉంటావు, దానికేవో మార్కులు కూడా రానీ," అనేవారు. ఆ కాలేజీలో ఒక వెసులుబాటు ఉంది. ఏదైనా సబ్జెక్టు మనంతట మనమే చదువుకుని, ఎక్కడివాళ్ళకైనా ఒకేలా పెట్టే పరీక్ష ఒకటి పాసైతే, ఆ సబ్జెక్టుని ఒక టర్మంతా క్లాసులో కూర్చుని చదివినట్టే లెక్క వేసి క్రెడిట్లు ఇస్తారు. కంప్యూటర్ ముందు గంటన్నర కూర్చోవాలి. ప్రతి ప్రశ్నకీ ఐదు జవాబుల్లో ఒకటి గుర్తు పెట్టాలి. లేచే ముందే పాసో ఫెయిలో తెలిసిపోతుంది.

ఇది మొదటిసారి విన్నప్పుడు మా ఆడపడుచు కత్తిపీట ముందు నుంచి తలెత్తింది. ఆమె మా ఆయనకి చెల్లెలు. రిఫాలో ఒక ఇంట్లో పనిచేస్తుంది. ఉమ్మ్ అల్ హస్సామ్‌లో మా ఫ్లాటులో మాతోపాటే ఉంటుంది.

"అంటే క్లాసుల్లేవు, పంతుళ్ళు లేరు. పెళ్ళిచూపులు లేకుండా ఏకంగా తలంబ్రాలే అన్నమాట."

"చదవాలి కదమ్మా."

"నువ్వు చదవడం మాకేం కొత్త వదినా? పప్పు మాడి పక్కింటివాళ్ళు తలుపు కొట్టినా నీకు వినపడదు."

వ్యాను నడిపే తమ్ముడిదీ ఇంచుమించు ఇదే ధోరణి. పిలుపుకే తమ్ముడు, అతను జగిత్యాల వైపు మనిషి. ఒకప్పుడు మా ఆయన కింద కట్టడాల్లో పనిచేసి, తర్వాత వ్యాను నడుపుకుంటున్నాడు. మా ఆడపడుచుని పనికి తీసుకెళ్ళేదీ తీసుకొచ్చేదీ అతనే. అతనికి ఈ సముద్రం చుట్టూ ఉన్నదంతా దుబాయే. మా ఆయన ఏళ్ళ తరబడి దిద్దారు. అతను శ్రద్ధగా విని, "అవ్ సార్, దుబాయి బహ్రెయిన్," అనేవాడు.

"దుబాయిల కూసొని అమెరికా పరీక్ష రాసుడేంది అక్కా? పాసైతే ఏడికి పంపుతరు?"

ఎక్కడికీ పంపరని చెబితే అతనికి ఆ పరీక్ష మీద గౌరవం తగ్గిపోయింది.

ఆయన పోయాక మాత్రం ఆ ప్రశ్న తిరగబడింది. పాసైతే ఎక్కడికీ పంపరు, పాసవకపోతేనే పంపేస్తారు. నా వీసా ఆయన పేరు మీద ఉంది. దాని గడువు తీరేదాకా ఉండనిస్తామని ఆయన కంపెనీ వాళ్ళు మర్యాదగానే చెప్పారు. ఆ గడువు మళ్ళీ ఆగస్టు నెలాఖరుతో తీరుతుంది. నేను సాయం చేసే నర్సరీ బడి ప్రిన్సిపాల్ మేడమ్ నన్ను టీచరుగా తీసుకుని బడి పేరు మీద వీసా ఇప్పిస్తానన్నారు. డిగ్రీ అయిపోయినట్టు కాలేజీ వాళ్ళ కాగితం మాత్రం ఆ లోపల రావాలి. అంటే ఆ ఒక్క పేపరూ ఆగస్టు మొదట్లోనే రాయాలి, మొదటిసారే పాసవ్వాలి. తప్పితే అదే సబ్జెక్టు మళ్ళీ రాయడానికి కొన్ని నెలలు ఆగాలి. ఆగడానికి నాకు వీసా ఉండదు.

ఎందుకు ఉండాలనుకున్నావని తర్వాత చాలామంది అడిగారు. ఊళ్ళో నాకు కష్టం కలిగించేవాళ్ళు ఎవరూ లేరు. నా సంసారమంతా ఇక్కడే జరిగింది. నా జీవితంలో నాకు బాగా తెలిసిన దారులు ఈ ఉమ్మ్ అల్ హస్సామ్ సందులు. ఇంతకన్నా మంచి కారణం నా దగ్గర లేదు.

పరీక్షకి తారీఖు తీసుకునేటప్పుడు ఆడపడుచు పక్కనే కూర్చుంది. అప్పుడు ఏప్రిల్. అన్నయ్య పోయిన ఏడాదిలో ఉగాది పచ్చడి కూడా నోట పెట్టుకోలేదు ఆ మనిషి. గుడికి వెళ్ళలేదు, ఎవరింట్లో పేరంటానికీ వెళ్ళలేదు, ఎవరైనా మిఠాయి ఇస్తే వ్యాను తమ్ముడికి ఇచ్చేసేది. సంవత్సరీకం అయ్యేదాకా మనింట్లో ఏ మంచిపనీ జరగకూడదని ఆమె పట్టు. పరీక్ష కూడా ఆ తర్వాతే రాయాలంది.

"తిథుల ప్రకారం సంవత్సరీకం తారీఖు కన్నా పది రోజులు ముందే వస్తుంది వదినా. ఆగస్టు మొదట్లో అయిపోతుంది. ఆ మర్నాడో ఆ మూడోనాడో రాసెయ్యి. నీకూ బాగుంటుంది, అన్నయ్యకీ బాగుంటుంది."

నాకు ఈ పట్టింపులు లేవు. ఆమెకి ఉన్నాయి. ఆయన నాకు భర్త అయ్యే నాటికే ఆమెకి చాలా ఏళ్ళుగా అన్నయ్య. కాబట్టి ఆమె చెప్పిన వారంలోనే తారీఖు తీసుకున్నాను.

మిగిలిన సబ్జెక్టు మనిషి ఎదుగుదల గురించిన శాస్త్రం. తల్లి కడుపులో పడ్డప్పటి నుంచి పోయేదాకా మనిషి శరీరం ఎలా మారుతుంది, బుద్ధి ఎలా మారుతుంది అని. పుస్తకం ఇటుకలా ఉంటుంది. సాయంత్రం నేను చదువుతుంటే ఆడపడుచు కూరలు తరుగుతూ ఎదురుగా కూర్చునేది. చదివింది తెలుగులో ఎవరికైనా చెబితే గుర్తుంటుందని ఆమెకి చెప్పడం మొదలుపెట్టాను. మూడో రోజుకల్లా ఆమె ఆ పుస్తకాన్ని ఒకే పిల్లాడి కథగా మార్చేసింది. పని నుంచి వచ్చి చెప్పులు విడుస్తూనే అడిగేది.

"ఇవాళ మనవాడేం చేశాడు?"

"వస్తువు కనపడకపోయినా అది ఎక్కడో ఉంటుందని తెలుసుకున్నాడు."

"ఇన్నాళ్ళకా? మొద్దు వెధవ."

"ఎనిమిది నెలల పిల్లాడే."

"మా రిఫా ఇంటి పిల్ల ఆరు నెలలకే నేను దాచిన బిస్కట్ ప్యాకెట్ పట్టుకుంది. మీ పుస్తకం వాడికి తిండి సరిగ్గా పెట్టట్లేదు."

వాడికి మాటలు వచ్చిన రోజు ఆమె సంబరపడింది. అబద్ధాలాడటం వచ్చిన రోజు, "ఇహ వీడికి ఢోకా లేదు," అంది. పద్నాలుగో ఏట వాడు తల్లిదండ్రుల మాట వినడం మానేస్తే రెండు రోజులు వాడి ఊసెత్తలేదు. వ్యాను తమ్ముడికి కూడా ఆ కథ చేరవేసేది. ఒకనాడు అతను నన్నే అడిగాడు.

"అక్కా, ఆ పోరడికి నౌకరి దొరికిందా?"

"ఏ పోరడు?"

"అదే, బుక్కుల పోరడు."

దొరికిందని చెప్పాను. పుస్తకంలో ఆ వయసుకి అందరికీ దొరుకుతుంది.

జూలైలో మనవాడికి అరవై దాటాయి. జుట్టు తెల్లబడింది, మతిమరుపు మొదలైంది. ఇక ఒక్క పాఠమే మిగిలింది. ఆ రోజు నేను పేజీ తిప్పబోతుంటే ఆడపడుచు కత్తిపీట పక్కకి జరిపేసింది.

"ఇహ చాలు వదినా. మనవాడు హాయిగా ఉన్నాడు. అక్కడ ఆపు."

ఆపాను. నిజానికి ఆ పాఠం నేనూ ముందే తెరిచి మూసేశాను. ఆ మాట చెప్పలేదు.

ఆ వారమే మా మరిది ఊరి నుంచి ఫోన్ చేశాడు. నెలనెలా మాసికం పెడుతున్నది అతనే. మాటల మధ్య, "సంవత్సరీకం ఆగస్టు ఆఖర్న పడింది, వంటవాళ్ళకి చెప్పాను," అన్నాడు.

ఆడపడుచు ఫోన్ లాక్కుంది. "ఆఖర్నేమిటిరా? మొదట్లో కదా!"

"అధిక జ్యేష్ఠం వచ్చింది కదే ఈ ఏడు. నెల వెనక్కి పోయింది. నీకు తెలీదా?"

ఆమె ఫోన్ నాకిచ్చి వంటింట్లోకి వెళ్ళింది. అధిక మాసం వచ్చిన ఏడాది తిథి ముందుకి రాదు, వెనక్కి పోతుంది. మా ఇంట్లో ఆ సంగతి తెలియాల్సిన మనిషి ఆమే. ఎప్పుడూ ముందే వస్తుంది కాబట్టి ఇప్పుడూ ముందే వస్తుందనుకుంది. వంటింటి గోడకి వేలాడే తెలుగు క్యాలెండర్ మీద అధిక జ్యేష్ఠం పెద్ద అక్షరాలతోనే ఉంది. మేమిద్దరం దాన్ని సెలవులు చూసుకోవడానికే వాడుకున్నాం.

పరీక్ష ఇప్పుడు సంవత్సరీకానికి దాదాపు నెల ముందు పడుతోంది. సంవత్సరీకం అయ్యాక రాద్దామంటే వీసా అయిపోతుంది.

మర్నాడు శుక్రవారం. వ్యాను తమ్ముడు భోజనానికి వచ్చాడు. ఆడపడుచు అతని కంచంలో అన్నం పెడుతూ, ఎవరినీ చూడకుండా, పరీక్ష శుభకార్యం కిందకి వస్తుందా రాదా అని అడిగింది.

"శుభకార్యం ఎట్లయితది అక్కా? మా ఊర్ల పరీక్షంటే ఇంటిల్లిపాదీ ఏడ్సుడే."

"నవ్వులాటగా ఉందా?"

"నవ్వులాట గాదు. నేను పదోది రెండుసార్లు రాసిన. ఒక్కసారి గూడ శుభం గాలె."

"కొత్తపని మొదలుపెట్టకూడదంటారు కదా," అన్నాను. "ఇది మొదలుపెట్టడం కాదు, ముగించడం."

"లాయరు మాటలు మాట్లాడకు వదినా. పుస్తకాలు చదివితే వచ్చే జబ్బే ఇది."

ఆమె ఊరికి ఫోన్ చేసి మా పంతులుగారినే అడిగింది. ఆయన ఒక్కొక్కటే అడగడం మొదలుపెట్టారు. స్పీకర్ పెట్టడంతో మేమందరం విన్నాం.

"అక్కడ సన్నాయి ఉంటుందా అమ్మా?"

"ఉండదండీ."

"బట్టలు పెడతారా?"

"పెట్టరండీ. మన దగ్గరున్న సంచీ, వాచీ కూడా తీసేసుకుంటారట."

"భోజనాలు?"

"మంచినీళ్ళు కూడా లోపలికి తీసుకెళ్ళనివ్వరండీ."

"అయితే శుభకార్యం ఎలా అవుతుందమ్మా? ఆఫీసు పని కిందకే వస్తుంది. ఎందుకైనా మంచిది, రాహుకాలం తప్పించండి."

"మీ టైం ప్రకారమా, మా టైం ప్రకారమా అండీ?"

ఇది ఆయన ఎన్నడూ ఆలోచించినట్టు లేదు. "అక్కడ సూర్యుడు ఎప్పుడు ఉదయిస్తాడో చూసుకోవాలి మరి," అని, "చివరికి మీ మనసు ఏం చెబితే అదేనమ్మా," అని పెట్టేశారు.

ఇంత అడిగి చివరికి తిరిగి ఆమె మీదికే వచ్చింది. ఆమె మాట్లాడటం తగ్గించింది. కోపం లేదు, వేళాకోళమూ లేదు. మా ఇంట్లో వేళాకోళం ఆగిపోవడం ఆయన పోయిన వారం తర్వాత మళ్ళీ అప్పుడే. రెండో రోజు ఉండబట్టలేక చెప్పాను.

"నీకు ఇష్టం లేకపోతే రాయనమ్మా. తారీఖు తీసేయిస్తాను."

"తీసేయించి?"

"ఊరెళ్ళిపోతాను."

"వెళ్ళి, నా ఆడపడుచు వల్ల నా డిగ్రీ పోయిందని ఊరంతా చెబుతావా?"

"నేనెందుకు చెబుతాను?"

"నువ్వు చెప్పవు. చెప్పకుండా మొహం అలా పెట్టుకుని కూర్చుంటావు, చూసినవాళ్ళకి తెలిసిపోతుంది. అది ఇంకా ఘోరం." ఆమె కాసేపు చేతులు తుడుచుకుంటూ నిలబడింది. చేతులు పొడిగానే ఉన్నాయి. "ఆ ఆఖరి పాఠం చదివావా?"

"లేదు."

"పరీక్షలో అందులోంచి అడగరా?"

"అడుగుతారు."

"మరి చదవకుండా ఏం రాస్తావు? తే, ఇక్కడ కూర్చో. నేను వింటాను."

అలా ఆ సాయంత్రం మనవాడు పోయాడు. నేను చదివి తెలుగులో చెప్పాను. కూరలు లేకపోయినా ఆమె కత్తిపీట ముందే కూర్చుంది. పోబోయే మనిషి మనసు ఐదు మెట్ల మీదుగా వెళ్తుందని ఆ పాఠంలో ఉంది. ముందు నాకేం కాలేదంటాడు. తర్వాత కోప్పడతాడు. తర్వాత దేవుడితో బేరం పెడతాడు. తర్వాత కుంగిపోతాడు. చివరికి సరేనంటాడు.

"అన్నయ్యకి ఒక్క మెట్టు ఎక్కే టైం కూడా ఇవ్వలేదు," అంది ఆమె.

"లేదు."

"అసలు మెట్లంటే ఆయనకి చిరాకే కదా. ఒక్క అంతస్తుకి కూడా లిఫ్టు కోసం నిలబడేవాడు."

నాకు నవ్వు వచ్చింది. ఆమె కూడా నవ్వి, నవ్వుతూనే ముక్కు చీదుకుంది. తర్వాత, "మిగతావాళ్ళకి కూడా ఇవే మెట్లా?" అని అడిగింది. మిగతావాళ్ళకి కూడా కొంచెం అటూఇటుగా ఇవేనని, కానీ వరసగా రానక్కరలేదని, కొందరికి కొన్ని అసలు రావని చెప్పాను.

"నువ్వు ఎన్నోదాని మీదున్నావు?"

"తెలీదు. నువ్వు?"

"నేను బేరం దగ్గర ఉన్నా. పొద్దున్నే దేవుడితో మాట్లాడా. ఏడాది మొత్తం పట్టిన నియమాల్లో ఈ ఒక్కటీ వదిలెయ్యమన్నా. దేవుడికి చెప్పేశా కదా, ఇహ వెళ్ళి రాయి."

పరీక్ష బుసైతీన్‌లో, ఒక భవనం రెండో అంతస్తులో. ఇదివరకు పరీక్షలప్పుడు ఆడపడుచు మా ఫ్లాటు నుంచి ముందే కిందికి దిగి, నేను లిఫ్టులోంచి రాగానే బొట్టూ పూలతో నాకు ఎదురు వచ్చేది, శకునం కోసం. ఈసారి ఎదురు రానని, పూలు పెట్టుకోనని, పక్కన మాత్రం కూర్చుంటానని చెప్పింది. పనికి సెలవు పెట్టి వ్యాను ఎక్కింది. నాకు కొత్త చీర వద్దంది. నేనెలాగూ పాత చీరే కట్టుకున్నాను. దేవుడికి దండం పెట్టుకోనా అని అడిగితే, "ఆఫీసుకి వెళ్ళేవాళ్ళు పెట్టుకోరా? పెట్టుకో. గట్టిగా మాత్రం అడక్కు," అంది.

లోపల ఒక ఫిలిప్పీన్స్ అమ్మాయి నా కార్డు చూసి, మొహం చూసి, వాచీ తీసుకుని ఒక మూలనున్న కంప్యూటర్ చూపించింది. ప్రశ్నలు కష్టంగా లేవు, తేలిగ్గానూ లేవు. వస్తువు కనపడకపోయినా ఉంటుందని పిల్లలకి ఎప్పుడు తెలుస్తుందని వచ్చింది. మొద్దు వెధవ అనే మాట చెవిలో వినపడి, పక్కనున్న కుర్రవాడు చూసేలా నవ్వాను. చివర్లో ఆ మెట్ల గురించి కూడా వచ్చింది. ఒకామె భర్త పోయిన కొన్ని నెలలకి ఉద్యోగంలో చేరింది, స్నేహితులతో నవ్వుతూ మాట్లాడుతోంది. ఆమె ఏ దశలో ఉంది అని. ఇచ్చిన జవాబుల్లో పుస్తకం ఒప్పుకునేది ఒకటే ఉంది, ఆ ఆఖరి మెట్టు. సరేనన్నది. ఆమె సరేనన్నదని వీళ్ళకెవరు చెప్పారో నాకు తెలియదు. నవ్వడానికీ సరేననడానికీ మధ్య చాలా దూరం ఉంటుంది. అయినా అదే గుర్తు పెట్టాను. నాకు వాదన గెలవడం అవసరం లేదు, ఆ పేపరు అవసరం.

టైం అయిపోయాక తెర మీద మార్కు వచ్చింది. కావలసిన దానికన్నా కొంచెం ఎక్కువ. ఫిలిప్పీన్స్ అమ్మాయి వాచీ తిరిగి ఇస్తూ నా మొహం చూసి, అయ్యో పాపం అన్నట్టు భుజం తట్టింది. పాసయ్యానని చెప్పాల్సి వచ్చింది.

కిందకి వచ్చేసరికి వాళ్ళిద్దరూ వ్యానులో ఏసీ వేసుకుని కూర్చున్నారు. ఆడపడుచు నన్ను చూసి తలుపు తీసింది కానీ దిగలేదు.

"ఏమైంది?"

"అయింది."

"ఏమైందో చెప్పు వదినా, నీ మొహంలో ఏదీ కనపడదు."

"పాసయ్యాను."

"మాలూమ్ అక్కా, నాకు ముందే ఎరికె," అన్నాడు వ్యాను తమ్ముడు. "ఆ పోరడు బతికిండా మరి?"

"పోయాడు."

"అయ్యో. మంచోడుండె."

ఆడపడుచు సంచీలోంచి ఫోన్ తీసి రిఫాలో తను పనిచేసే ఇంటావిడకి చేసింది. "మాడం, గుడ్ మార్నింగ్. రూమ్ నో నీడ్. ఖలాస్. మై సిస్టర్ పాస్. యెస్, సేమ్ హౌస్ ఓన్లీ. థాంక్యూ మాడం." ఫోన్ సంచీలో వేసుకుని కిటికీలోంచి బయటికి చూడసాగింది.

"ఏం రూమ్?" అన్నాను.

"వాళ్ళ వంటింటి వెనకాల ఉంది. పనివాళ్ళ గది. నువ్వెళ్ళిపోతే ఫ్లాటు ఉండదు కదా, సెప్టెంబరు ఒకటో తారీఖు నుంచి అందులోకి వస్తానని చెప్పి పెట్టా."

"ఎప్పుడు చెప్పావు?"

"ఏప్రిల్లో."

"అంటే నేను తప్పుతాననే అనుకున్నావా?"

"పప్పు మాడిపోవడం చూసినవాళ్ళు ఎవరైనా అదే అనుకుంటారు."

"నాకెందుకు చెప్పలేదు?"

"చెబితే నాకోసం చదివేదానివి. నీకోసం చదువుతావని చెప్పలేదు." అని, ముందుకు వంగి వ్యాను తమ్ముడి భుజం పొడిచింది. "దారిలో కరక్ టీ కొట్టు దగ్గర ఆపు తమ్ముడూ."

"స్వీటు గూడ తీస్కుందామా అక్కా? పాసయ్యింది గద."

"స్వీటు లేదు. ఇంకా సంవత్సరీకం కాలేదు."

టీ కొట్టు ముందు వ్యాను ఆగి హారన్ కొడితే కుర్రాడు పరుగెత్తుకొచ్చాడు. ఆడపడుచు అద్దం దించి మూడు టీలు చెప్పింది. అతను వెనక్కి తిరుగుతుంటే మళ్ళీ పిలిచింది.

"భాయ్, షుగర్ జ్యాదా. తీనోమే." అద్దం ఎక్కిస్తూ నా వైపు తిరిగింది. "అలా చూడకు వదినా. టీలో పంచదార శుభకార్యం కిందకి రాదు."